మామిడి కింద గిన్నె చెట్లు: ఉంచుదామా, తీసేద్దామా?

ఈ పేజీల్లో ఇన్నాళ్లూ తాత గురించీ, మదనపల్లె వైపు నుంచి మనవాళ్లు బెంగళూరుకి ఎట్లా వచ్చి చేరారనేదాని గురించీ, అవ్వ నూరే ఊరిబిండి గురించీ రాస్తూ వచ్చాను. ఈసారి హిత్తలు గురించి రాస్తున్నా. పెరడు అనే మాట మనకి పుస్తకాల్లోనే కదా, ఇంట్లో ఎప్పుడూ హిత్తలే. నాలుగు తరాలుగా దాన్ని కన్నడ మాటతోనే పిలుస్తున్నాం.

సంగతేమిటంటే, ఆ హిత్తల్లో మామిడిచెట్టు కింద నేను పెంచిన బ్రొమీలియాడ్ల మీద ఇంట్లో గొడవ నడుస్తోంది. వాట్సాప్ గుంపులో ఉన్నవాళ్లకి సగం తెలుసు. లేనివాళ్ల కోసం, ఇట్లాంటి పాత ఇల్లూ పాత చెట్టూ చేతిలో పెట్టుకుని ఏం చేయాలో తోచక ఉన్న ఇతర తెలుగు కుటుంబాల కోసం, నా వాదన ఇక్కడ పూర్తిగా పెడుతున్నా. నా తప్పు కూడా ఇందులో ఉంది. దాన్ని దాచను.

ఐదేళ్ల కింద ఇంటికి రంగులు వేయించినప్పుడు, పనిలో పనిగా తోట కూడా సరిచేయిద్దామన్నాడు తమ్ముడు. తోటల డిజైనర్ ఒకాయన వచ్చి కొలతలు తీసుకుపోయి, వారం తర్వాత కంప్యూటర్లో బొమ్మ చూపించాడు. బొమ్మ చాలా బాగుంది. పచ్చని లాను, మధ్యలో నల్లరాళ్లు, కాంపౌండు గోడ వెంబడి ఎర్రటి గుజ్మానియాలు వరసగా. రెండు నిమిషాలు చూశాక తెలిసింది, అందులో మామిడిచెట్టు లేదు. అరటి లేదు, కరివేపాకు లేదు, అవ్వ కనకాంబరాల మడి లేదు, బట్టలుతికే బండ కూడా లేదు. చెట్టు ఎందుకు తీసేశారని అడిగితే, "దాని కింద ఏమీ రాదు సార్, లాను నిలబడదు" అన్నాడు.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. మన మామిడి కింద ఏమీ రాకపోవడం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అవ్వ పసుపు నాటి చూసింది, అమ్మ క్రోటన్లు పెట్టి చూసింది. దట్టమైన నీడ, ఏడాది పొడుగునా రాలే ఆకు, గుద్దలి వేస్తే జానెడు లోతులోనే తగిలే వేళ్లు. కానీ ఏమీ రాని చోటు కోసం చెట్టునే కొట్టేయడం అనే లెక్క నాకు అర్థం కాలేదు. తమ్ముడికి కూడా మనసొప్పలేదు. ఆ బొమ్మ అక్కడితో ఆగిపోయింది.

అదే ఏడాది మల్లేశ్వరంలో ఉండే పాత స్నేహితుడొకాయన నాకు ప్లాస్టిక్ కవర్లో చుట్టి రెండు పిలకలు ఇచ్చాడు. నియోరెజీలియా అని పేరు చెప్పాడు. ఎక్కడ నాటాలంటే, "నాటొద్దు, ఊరికే చెట్టు మొదట్లో రెండు రాళ్ల మధ్య నిలబెట్టు" అన్నాడు. తమాషా చేస్తున్నాడనుకున్నా. నిలబెట్టాను. బతికాయి. బతకడమే కాదు, ఏడాదిన్నరలో ఏడయ్యాయి.

బ్రొమీలియాడ్లకి తెలుగులో పేరు లేదు. మన ఇంట్లో పిల్లలు వాటిని గిన్నె చెట్లు అంటారు, ఇంతకన్నా మంచి పేరు నాకు తోచలేదు. ఆకులు ఒక నడుమ నుంచి గుండ్రంగా విచ్చుకుని, మొదళ్ల దగ్గర ఒకదానికొకటి అతుక్కుపోయి గిన్నెలా తయారవుతాయి. వాన నీళ్లు అందులో నిలుస్తాయి. రాలిన ఆకు, మామిడి పూత, చచ్చిన పురుగు, దుమ్ము, అన్నీ అందులో పడి నానుతాయి. ఆ కషాయాన్ని ఆకుల మీదుండే సన్నని పొలుసులతో చెట్టు పీల్చుకుంటుంది. అడవిలో చెట్టుకొమ్మల మీద ఉండే రకాలకి వేరు ముఖ్యంగా పట్టు కోసమే, తిండికి కాదు. అంటే మనకి తలనొప్పి అయిన రాలే ఆకే దానికి అన్నం.

నా వాదన అంతా ఇక్కడే ఉంది. పాత చెట్టు కింద లాను వేయాలంటే నేల తవ్వాలి, వేళ్ల మీద అరడుగు ఎర్రమట్టి పోయాలి, రోజూ తడపాలి. మామిడికి తిండి తెచ్చే సన్నవేళ్లు ఎక్కువ భాగం పైమట్టిలోనే ఉంటాయి, తవ్వితే అవి తెగుతాయి. పైగా పూతకి ముందు మామిడికి నేల ఆరాలి. మార్గశిరంలో, పుష్యంలో కూడా లాను కోసమని నీళ్లు పోస్తూ ఉంటే కొత్త ఆకు వస్తుంది గానీ పూత తగ్గుతుంది. బ్రొమీలియాడ్లకి ఈ బాధ లేదు. ఒక్క గుద్దలి దెబ్బ వేయకుండా చెట్టు మొదలు చుట్టూ తోట వచ్చింది. ఇంకో సంగతి, 2024 వేసవి గుర్తుంది కదా, ట్యాంకరు కోసం అర్ధరాత్రి దాకా ఎదురుచూసిన రోజులు. తాగే నీళ్లతో తోట తడిపితే 5,000 రూపాయలు జరిమానా అని జలమండలి ప్రకటించింది. వీధిలో లానులన్నీ గడ్డివాముల రంగుకి తిరిగాయి. మన గిన్నె చెట్లు కూరగాయలు కడిగిన నీళ్లతో గట్టెక్కాయి.

మొదట్లో అలంకరణ మాత్రం ఘోరంగా చేశాను. నర్సరీకి పోయినప్పుడల్లా ఒక కొత్త రకం. ఒక చారలది, ఒక మచ్చలది, ఒక ఊదాది, ఒక ముళ్లది. రెండేళ్లలో ఆ చోటు మన బసవనగుడి కడలెకాయి పరిషెలో బొమ్మల అంగడిలాగా తయారైంది. ఎటు చూడాలో తెలియదు. తర్వాత బ్రెజిల్ తోటల రూపకర్త రోబెర్తో బుర్లె మార్క్స్ గురించి చదివాను. 1909లో పుట్టి 1994లో పోయాడాయన. రియో దగ్గర ఆయన పెంచిన తోటని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. ఆయన పద్ధతి చాలా సులువుగా కనిపిస్తుంది. ఒకే రకం మొక్కని గుంపుగా, పెద్ద మరకలాగా పరిచి, దాని పక్కన ఇంకో రకాన్ని ఇంకో మరకలాగా. అంతే. నాకు బాగా నచ్చిన సంగతి ఏమిటంటే, తన దేశపు చెట్ల అందం ఆయనకి మొదట తెలిసింది బెర్లిన్‌లోనట. యువకుడిగా అక్కడ ఉన్నప్పుడు బొటానికల్ గార్డెన్ అద్దాల ఇంట్లో బ్రెజిల్ మొక్కలు చూశాడు. ఊరు వదిలాకే ఊరి చెట్టు కనబడటం మనకేం కొత్త కాదు కదా.

ఆ తర్వాత అన్నీ తీసి మళ్లీ పెట్టాను. తూర్పు పక్క పొద్దున ఎండ పడే చోట ఎర్ర నియోరెజీలియాలు మాత్రమే. వాటికి వెలుతురు ఉంటేనే రంగు, నీడలో పెడితే ఆరు నెలల్లో ఉత్త పచ్చగా మారతాయి. అట్లాగని మధ్యాహ్నపు ఎండలో పెడితే ఆకు మాడి గోధుమరంగు మచ్చలు పడతాయి, ముఖ్యంగా నర్సరీలో పచ్చవల కింద పెరిగి కొత్తగా వచ్చినవాటికి. చెట్టు మొదలు దగ్గర దట్టమైన నీడలో పచ్చ వ్రీసియాలు. పడమటి మూలలో మాత్రం ఒకే ఒక్క పెద్ద చెట్టు, ఆల్కంటారియా. అది రియో చుట్టుపక్కల కొండల్లో ఉత్త గ్రానైటు బండ మీద, ఎండలో పెరిగే జాతి. మన ఊరికి బండల కొదవా! తాత కాలంలో కాంపౌండుకి వాడగా మిగిలిన చప్పడి రాళ్లు మూడు ఉంటే, వాటిని ఒకదానిమీదొకటి పేర్చి దాన్ని పైన కూర్చోబెట్టా. కింద మట్టి పిడికెడు కూడా లేదు. ఇటుక ముక్కలు, బొగ్గు, కొబ్బరి డొక్కు, అంతే.

దారి పక్కన మాత్రం ముళ్ల రకాలు పెట్టకండి. ఎక్మియాల ఆకు అంచులు రంపంలాగా ఉంటాయి. అత్త చీర కొంగు రెండుసార్లు చిరిగాక వాటిని గోడ వెనక్కి జరిపాను.

నేను చేసిన ఇంకో తెలివితక్కువ పని చెప్తే మీకు పనికొస్తుంది. మామిడికి మచ్చ తెగులు వచ్చిందని మాలి చేత నీలం మందు కొట్టించాను, అదే కాపర్ ఆక్సీక్లోరైడు. మామిడికి మేలే చేసింది. దాని కింద గిన్నెల్లోకి ఆ నీళ్లు కారి, మూడు వారాల్లో పదకొండు చెట్లు నడుమ నుంచి కుళ్లిపోయాయి. ఈ జాతికి రాగి విషం. మైలుతుత్తం, బోర్డో మిశ్రమం, ఏదైనా ఒకటే. రాగి తీగతో కొమ్మకి కట్టకూడదు. రాగి బిందెలో రాత్రంతా ఉంచిన నీళ్లు మీ ఆరోగ్యానికి మంచివని తాగితే తాగండి, దానికి మాత్రం పోయకండి. బోరు నీళ్లు కూడా అంత మంచివి కావు, గిన్నె అంచున తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. వాన నీళ్లు పట్టి పోసుకోవడం మేలు.

ఇక చిన్నాన్న అభ్యంతరం. ఎనభై నాలుగేళ్ల మనిషి, ఆ మామిడిని టెంకగా నాటినప్పుడు పక్కనే ఉన్న మనిషి. రెండు మూడు టిల్లాండ్సియాలని కొమ్మకి కట్టడం చూసి, "చెట్టుకి బదనిక పెడతావేంరా!" అని కేకలేశారు. ఆయన భయం ఉత్తిది కాదు. మామిడికి బదనిక పట్టడం మనందరం చూసిందే. అది కొమ్మలోకి వేరు దించి చెట్టు రసాన్ని తాగుతుంది, కొమ్మని ఎండబెడుతుంది. బ్రొమీలియాడ్ అట్లా కాదు. కొమ్మ మీద కూర్చుంటుంది గానీ కొమ్మలోంచి ఒక్క బొట్టు తీసుకోదు, దాని తిండి వానా దుమ్మూనే. చిన్నాన్నకి కొమ్మ విప్పి చూపించాను, బెరడు మీద గీత కూడా లేదు. నమ్మారో లేదో తెలియదు, మళ్లీ ఏమీ అనలేదు. నాకు ఈ తేడా చెప్పేటప్పుడల్లా ఇంకొకటి గుర్తొస్తుంది. స్కూల్లో ఒకడు నన్ను "మీరు ఎక్కడినుంచో వచ్చి మా ఊళ్లో" అని మొదలుపెట్టినప్పుడు చెప్పడానికి నా దగ్గర ఈ మాట లేకపోయింది. పోనీలే, వాడే ఇప్పుడు నా దగ్గర పిలకలు తీసుకుపోతున్నాడు.

"ఇదంతా విదేశీ చెట్టు, మన ఇంట్లో ఎందుకు" అనేది రెండో మాట. మన గుంపులో ఇద్దరు ముగ్గురు ఇదే అన్నారు. నిజమే, ఈ కుటుంబంలో ఆఫ్రికాలో ఉండే ఒక్క జాతి తప్ప మిగతావన్నీ అమెరికా ఖండాలవే. కానీ ఆ లెక్కన దసరాకి గుమ్మానికి కట్టే బంతి మెక్సికోది. సీతమ్మ పేరు పెట్టుకున్న సీతాఫలం, హిత్తల్లో జామ, ఊరిబిండిలో ఎండుమిరపకాయ, పల్లీ, అన్నీ ఆ సముద్రం దాటి వచ్చినవే. ఇంకా పెద్ద సాక్ష్యం మన ఇంట్లోనే ఉంది. బట్టలుతికే బండ పక్కన అవ్వ పెంచిన అనాస గుబురు గుర్తుందా? అది కూడా బ్రొమీలియాడే. పోర్చుగీసువాళ్లు పదహారో శతాబ్దంలో తెచ్చారు దాన్ని. మనం అనే 'అనాస', కన్నడవాళ్ల 'అనానస్' రెండూ దక్షిణ అమెరికా ఆదివాసుల మాట నుంచి పోర్చుగీసు నోటి మీదుగా వచ్చినవే. అంటే అరవై ఏళ్లుగా ఇంట్లో ఉన్న చెట్టుకి చుట్టాలనే నేను నర్సరీలో డబ్బులిచ్చి కొన్నాను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా.

కాబట్టి పరాయిదనే కారణంతో తీసేయమంటే నేను ఒప్పుకోను. తీసేయమనడానికి అసలైన కారణం వేరే ఉంది.

పోయినేడు వానాకాలంలో తమ్ముడి మనవడికి డెంగీ వచ్చింది. ఆరేళ్లవాడు. మూడో రోజుకి ప్లేట్‌లెట్లు పడిపోయాయి, ఐదు రోజులు ఆసుపత్రిలో పెట్టుకున్నాం. ఆ ఐదు రోజులు ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. వాడు ఇంటికి వచ్చిన మర్నాడు ఆశా కార్యకర్త టార్చిలైటు పట్టుకుని వచ్చింది. సంపు చూసింది, మేడ చూసింది, హిత్తల్లోకి వచ్చి మామిడి కింద ఆగిపోయింది. ఒక నియోరెజీలియాని వంచి, గిన్నెలో నీళ్లు తెల్లపళ్లెంలోకి పోసింది. పళ్లెంలో దోమపిల్లలు మెలికలు తిరుగుతున్నాయి. ఒకటి రెండు కాదు. అప్పటికి నా దగ్గర నూటనలభై దాకా గిన్నెలున్నాయి.

మరదలు నన్ను ఎప్పుడూ ఒక మాట అని ఎరుగదు. ఆ రోజు, "బావగారూ, మీ చెట్లు ఉండాలా, మా పిల్లాడు ఉండాలా?" అంది. జవాబు చెప్పేదేముంది. ఆ సాయంత్రమే తమ్ముడూ నేనూ కలిసి అన్నిటినీ బోర్లించాం.

ఫ్రిజ్ వెనక ట్రేలోనూ, మేడమీద విరిగిన బకెట్లోనూ కూడా దోమపిల్లలు దొరికాయి. పక్క సైటులో కట్టుతున్న ఇంటి నీళ్లతొట్టి సంగతి చెప్పక్కర్లేదు. ఆ కరిచిన దోమ ఏ నీళ్లలో పుట్టిందో ఎవరూ చెప్పలేరు. ఈ మాట నన్ను నేను విడిపించుకోవడానికి చెప్పట్లేదు. నూటనలభై గిన్నెలు పెట్టి, వానాకాలమంతా ఒక్కసారి కూడా వాటిలోకి తొంగిచూడనివాణ్ణి నేనే. తెలియక కాదు కూడా. 2016లో అమెరికాలో మయామీలో జికా వచ్చినప్పుడు, అక్కడి తోటల్లో బ్రొమీలియాడ్ గిన్నెల్లో ఇదే జాతి దోమ పెరుగుతోందని తేలి చాలాచోట్ల వాటిని పీకేశారని చదివాను. చదివి, "అక్కడ కదా" అనుకున్నాను.

వాటి సొంత అడవిలో ఆ గిన్నె ఒక చిన్న చెరువు. తూనీగ పిల్లలు, కప్ప పిల్లలు, ఇంకా ఏవేవో పురుగులు అందులో ఉంటాయి. దోమపిల్లలని తినేవి కూడా అక్కడే ఉంటాయి. మన హిత్తల్లోకి వచ్చింది ఉత్త గిన్నె, దాని కాపలావాళ్లు రాలేదు. ఆ కాపలా పని మనదే. తెచ్చినవాడే చేయాలి.

పూర్తిగా తీసేయాలా? మరదలి మాట ఇప్పటికీ అదే, ఆమె కోపంలో న్యాయముంది. అయినా నేను వద్దంటున్నా. నీళ్లు నిలిచే ఆకుమొదళ్లు బ్రొమీలియాడ్లకే కాదు, అరటికి ఉన్నాయి, చేమకి ఉన్నాయి, మొగలికి ఉన్నాయి. అన్నీ తీసేస్తే మిగిలేది సిమెంటు. ఆ సిమెంటు మీద విరిగిన బకెట్లు మళ్లీ చేరతాయి. కానీ 'అందంగా ఉంది కాబట్టి ఉంచుదాం' అనే మాట కూడా నేను ఇక అనను. నా లెక్క ఇది: ఒక మనిషి ఆదివారం పొద్దున ఒక గంటలో, ఒక్కో గిన్నెలో పైపు పెట్టి జోరుగా నీళ్లు కొట్టి, పాత నీళ్లన్నీ బయటికి పోయేట్టు చేయగలిగినన్ని చెట్లే ఆ ఇంట్లో ఉండాలి. నా విషయంలో ఆ లెక్క ముప్పై ఆరు. మిగతావి పంచేశాను, కొన్ని పారేశాను.

ఆదివారం ఎందుకంటే, గుడ్డు నుంచి దోమ ఎగరడానికి మామూలుగా ఏడు నుంచి పది రోజులు. వారం దాటనివ్వకూడదు. మెల్లగా వంచి పారబోస్తే చాలదు, గుడ్లు నీటి గీతకి పైన గిన్నె గోడకి అతుక్కుని ఉంటాయి, ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్లీ వాన పడగానే లేస్తాయి. అందుకే జోరుగా కొట్టాలి. ఊరికి పోవాల్సి వస్తే బీటీఐ అనే మందు వేయొచ్చు, అది దోమపిల్లలని చంపే ఒక బాక్టీరియా, చెట్టుకీ పెంపుడు జంతువులకీ హాని లేదు. కిరసనాయిలు, వేపనూనె మాత్రం గిన్నెలో పోయకండి, దోమతోపాటు చెట్టూ పోతుంది. ఏడాదిలో సగం రోజులు తాళం వేసి ఉండే ఇళ్లు మన బంధువుల్లో చాలా ఉన్నాయి, పిల్లలు అమెరికాలో, పెద్దవాళ్లు అటూ ఇటూ. ఆ ఇళ్లలో గిన్నె చెట్టు ఒక్కటి కూడా ఉండకూడదనేది నా ఖచ్చితమైన అభిప్రాయం. నొచ్చుకునేవాళ్లు నొచ్చుకోండి. కర్ణాటకలో 2024 నుంచి ఇంట్లో దోమపిల్లలు దొరికితే జరిమానా కూడా ఉంది, అదంటే భయం లేకపోతే పక్కింటి పిల్లలనైనా తలుచుకోండి.

పడకగది కిటికీల కింద నీళ్లు నిలవని రకాలే పెట్టాను. క్రిప్టాంతస్ అని, నేలకి అతుక్కుని నక్షత్రంలాగా పరుచుకునేది, దానికి గిన్నె లేదు. డిక్కియా ఉంది, ముళ్లదే గానీ ఎండకి, కరువుకి తట్టుకుంటుంది. కొమ్మ మీద సన్న ఆకుల టిల్లాండ్సియాలు సరే సరి. తోట రూపం ఏమీ చెడలేదు, నిజం చెప్పాలంటే బాగుపడింది.

ఇంకో చోట కూడా గీత గీసుకున్నాను. పూజకో, కొప్పుకో, కూరకో పనికొచ్చే చెట్టు జాగా బ్రొమీలియాడ్‌కి ఇవ్వకూడదు. కనకాంబరాల మడి, తులసికోట, కరివేపాకు, మల్లెతీగ, వీటిని కదిలించి ఎర్ర గుజ్మానియాలు పెట్టే తోట ఎంత ఖరీదైనదైనా అది ఫోటో కోసం వేసిన తోటే. అవ్వ ప్రతి పొద్దునా అక్కడికి పోయి ఏదో ఒకటి కోసుకొచ్చేది. బ్రొమీలియాడ్ నుంచి కోసుకునేదేమీ లేదు, అనాస తప్ప. దానికి ఏమీ రాని చోటే సరైన చోటు.

ఆ డిజైనర్ బొమ్మ మీద నాకు మిగిలిన ఫిర్యాదు ఇంకొకటి. అందులో గోడ వెంబడి పూసిన గుజ్మానియాలే ఉన్నాయి. ఈ జాతిలో ఒక్కో చెట్టు ఒక్కసారే పూస్తుంది. ఆ రంగు కొన్ని నెలలు నిలుస్తుంది, తర్వాత చెట్టు మెల్లగా ఏడాదిలోనో రెండేళ్లలోనో పోతుంది. ఆయన ఒప్పందంలో 'వాడినవి మార్చబడును' అని ఒక లైను ఉంది, ఏటా డబ్బులు. అంటే పూత అయిపోగానే పీకి పారేసి, కొత్తవి తెచ్చి గుచ్చుతారు. పిలక వేసే వేళకి తల్లిని పారేయడం అన్నమాట! అరటి తెలిసిన ఇంట్లో ఈ పని ఎవరైనా చేస్తారా? గెల కోశాక బొద్దె కొట్టేసినా పక్క పిలకని ఉంచుతాం కదా. ఇదీ అంతే. తల్లి వాడుతూ ఉన్నప్పుడే మొదట్లో రెండో మూడో పిలకలు వస్తాయి. అవి తల్లి ఎత్తులో సగానికి వచ్చేదాకా ముట్టుకోకూడదు, తల్లి ఆకుల్లో మిగిలిన సారం వాటికే పోతుంది. చూడ్డానికి ఆ కొన్ని నెలలు అందవికారంగా ఉంటుంది, ఒప్పుకుంటా. అతిథులు వస్తున్నారని దాన్ని సర్దేయాలనిపిస్తుంది. సర్దకండి. మనదగ్గరున్న ముప్పై ఆరు చెట్లలో నేను డబ్బిచ్చి కొన్నవి ఇప్పుడు ఒక్కటి కూడా బతికి లేవు. ఉన్నవన్నీ పిలకలూ, పిలకల పిలకలూ.

ఓపిక లేనివాళ్లకి ఒక చిట్కా. ఎదిగి కూడా పూయని చెట్టుని పండిన ఆపిల్ పండుతో కలిపి ప్లాస్టిక్ సంచిలో వారం పదిరోజులు కట్టి ఉంచితే పూత వస్తుంది. పండు వదిలే ఎథిలీన్ వాయువు పని అది. అనాస రైతులు తోటంతా ఒకేసారి కాపుకి రావడానికి ఎథ్రెల్ కొట్టేదీ అందుకే. నేను ఒక్కసారి చేసి మానేశాను. తొందరపెట్టి పూయిస్తే తొందరగా పోవడమే కదా.

వేరే ఊళ్లలో ఉన్నవాళ్లు అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. హోసూరువాళ్లకి మన వాతావరణమే, ఇదంతా వర్తిస్తుంది. చెన్నై, యానాం, బరంపురం వైపు గాలిలో తేమ బాగుంటుంది కాబట్టి నియోరెజీలియా, ఎక్మియా నీడపట్టున బాగా వస్తాయి, కానీ దోమల కాపలా మాకన్నా రెట్టింపు. తుపాను హెచ్చరిక రాగానే కొమ్మలకి కట్టినవి దింపుకోండి. నాగపూర్ చుట్టాలు మాత్రం దయచేసి గుజ్మానియా కొనకండి, మీ మే నెల పొడి వేడికి అది నిలవదు. ఇంటిలోపల ఒక క్రిప్టాంతస్ పెట్టుకుని తృప్తి పడండి.

ఆదివారం కాపలా ఎలా నడుస్తోందో కూడా చెప్పి ముగిస్తా. గోడమీద క్యాలెండర్‌లో మరదలే టిక్కు పెడుతుంది, నేను కాదు. ఆమె వచ్చి ఏవో ఐదు గిన్నెలు తనకి తోచినవి వంచి తెల్లపళ్లెంలో చూస్తుంది. ఒక్క పురుగు కనిపించినా ఆ గుంపు మొత్తం తీసేయాలని మా ఒప్పందం. ఉగాది నుంచి ఇప్పటిదాకా ఒక గుంపు పోయింది, వ్రీసియాలది. నేను జ్వరంతో పడుకున్న వారం అది. బాధపడ్డాను, కానీ మాట మాటే.

వచ్చే నెలలో ఎర్ర నియోరెజీలియా పిలకలు ఒక పద్నాలుగు వేరు చేస్తున్నాను. కావాల్సినవాళ్లు సంచి తెచ్చుకోండి, డబ్బులేమీ వద్దు. మీ ఇంట్లో ఆదివారం నీళ్లు కొట్టేది ఎవరో ఆ మనిషి పేరు మాత్రం నాకు చెప్పి తీసుకుపోవాలి. "అందరం చూసుకుంటాం" అంటే ఇవ్వను.